చీనా బొమ్మకు రవిక తొడిగిన చెంచులక్ష్మి

రియాద్‌లో, మలాజ్ పేటలో, అబూ సాద్ గారింట్లో చెంచులక్ష్మికి వంట, ఊడ్పు, ఇస్త్రీ కాక ఇంకో పని కూడా ఉండేది. ఊరికి ఫోన్ చేసి ఆ పనేమిటో చెబితే వాళ్ళక్క ఒక పట్టాన నమ్మలేదు.

"పుస్తకాల్లో ఆడోళ్ళకు మసి పూసేదానికి కూడా జీతమిస్తారంటనే?" అని పడీ పడీ నవ్వింది.

నిజానికి అదే పని. అబూ సాద్‌కు మలాజ్ బజారులో పుస్తకాల షాపు ఉంది. పై దేశాల నుంచి బొమ్మల పుస్తకాలు తెప్పించి అమ్ముతాడు. అట్టపెట్టెలు ముందు ఇంటికి వస్తాయి. వాటిలో ఆడబొమ్మల చేతులు, మెడలు, మోకాళ్ళు ఎక్కడ కనపడితే అక్కడ లావుపాటి మార్కరుతో నల్లగా పూసేయాలి. ఆ తరవాతే అవి షాపు మెట్లెక్కాలి. తనిఖీకి వచ్చినవాళ్ళకు ఒక్క పేజీ దొరికినా పెట్టెకు పెట్టే పట్టుకుపోతారని ఆయన భయం. మొదట్లో ఆ పని ఆయన భార్యే చేసేది. మెడనొప్పి పట్టుకున్నాక ఆవిడ మార్కరు తెచ్చి చెంచులక్ష్మి చేతిలో పెట్టింది. చెంచులక్ష్మి అరబ్బీలో అమ్మా నాన్నా అన్నట్టు ఆవిణ్ణి మామా అని, ఆయన్ని బాబా అని పిలిచేది.

బొమ్మలు చెంచులక్ష్మికి కొత్త కాదు. ఆమెది ధర్మవరం దగ్గర పల్లె. వాళ్ళ నాయన తోలుబొమ్మలు చేసేవాడు. మేకతోలు గీకి, ఆరబెట్టి, ఆయన ఆకారం కోస్తే, ఆడబొమ్మలకు చీర అంచులు, రవిక చుక్కలు, ముక్కుపుడకలు దిద్దడం చిన్నప్పటి నుంచీ ఈమె వంతు. ఆటలు ఆగిపోయాక ఆ తోలుతో దీపాల గుమ్మటాలు చేసి పట్నం కొట్లకు వేశారు. కట్టుకున్నవాడు లారీ మీద పోయి ఎక్కడో ఇంకో కాపురం పెట్టాడు. అప్పట్నుంచి ఊళ్ళో ఆమెకు పేరే పోయింది. "ఓబులేసు ఇడిసిపెట్టినామె" అంటే చాలు, అందరికీ తెలిసేది. ఆ మాట వినీ వినీ విసిగి, ఏజెంటును పట్టుకుని సౌదీకి వచ్చేసింది. ఇక్కడ ఖద్దామా అన్నారు, ఇంటి పనిమనిషి అని. ఒక పేరు పోయి ఇంకో పేరు వచ్చింది, అంతే.

ఒకరోజు పొద్దున షాపు వ్యానులో సలీం కొత్త పెట్టె తెచ్చి గుమ్మంలో దించాడు. సలీంది రాయచోటి. షాపులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాడు. తెలుగు మాట్లాడేందుకు చెంచులక్ష్మికి ఆ గుమ్మంలో దొరికే ఒకే ఒక్క మనిషి.

"అక్కా, ఇయి చీనా బొమ్మల కతలు. అరబ్బీలోకి మార్చినారంట. హెస్సామ్మ పట్టుబట్టి తెప్పిచ్చింది. చేతులు శానా ఉండాయి, నీకు మార్కర్లు చాలవు!" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

హెస్సా ఆ ఇంటి ఆడపిల్ల. కాలేజీలో బొమ్మలేసే చదువు చదివి, పని దొరక్క, ఇంట్లో కూర్చుని దొరికిన పుస్తకమల్లా చదువుతుండేది. ఆమెకు రెండు పిచ్చులు. ఒకటి చైనా వాళ్ళ బొమ్మల కథలు, రెండోది ఫల్సఫా. మనిషంటే ఏమిటి, ఎందుకు పుట్టాడు అని తవ్వితీసే చదువు. కాలేజీలో ఎవరూ చెప్పని ఆ చదువును ఆమె సొంతంగా నేర్చుకుంటూ, వినేవాళ్ళు లేక, అన్నీ చెంచులక్ష్మికే చెప్పేది. చెంచులక్ష్మిది వంటింటి అరబ్బీ. అందులో తప్పులు దిద్దడం హెస్సా ఎప్పుడో మానేసింది.

పెట్టె విప్పి మొదటి పుస్తకం తెరిచిన చెంచులక్ష్మి మార్కరు మూత తీసి, అలాగే ఉండిపోయింది. బొమ్మలో ఒక అమ్మాయి. పొట్టి జుట్టు, చేతుల్లేని బనీను. ఊరంతా కాళ్ళ కింద చీమల పుట్టలా కనిపించే ఎత్తున, పెద్ద క్రేను గదిలో కూర్చుని దాన్ని నడుపుతోంది.

"ఈ పిల్ల మనకెల్లి సూడదే!" అంది చెంచులక్ష్మి.

హెస్సా చేతిలో ఉన్న పుస్తకం పక్కన పడేసి ఒక్క ఉదుటున వచ్చింది. "ఏమన్నావు? ఇంకోసారి అను!"

"బొమ్మల్లో ఆడోళ్ళు ఎప్పుడు గానీ మనల్ని సూసి నగుతా ఉంటారు. ఈయమ్మి ఆయమ్మి పని ఆయమ్మి సూసుకుంటా ఉండాది."

ఇక హెస్సాను ఆపడం ఎవరి తరం? లోపలికి పరిగెత్తి, తను దాచుకున్న పాత బొమ్మలన్నీ తెచ్చి నేల మీద పరిచేసింది. చైనాలో తాతల కాలం నాటి కేలండరు బొమ్మలు. సబ్బు పట్టుకుని, సిగరెట్టు పెట్టె పట్టుకుని నవ్వే ఆడవాళ్ళు. "వీళ్ళు కొనేవాణ్ణి చూసి నవ్వుతున్నారు." ఆ తరవాతి కాలంవి, సుత్తి పట్టుకుని, ట్రాక్టరు మీద కూర్చుని నవ్వే ఆడవాళ్ళు. "వీళ్ళు దేశాన్ని చూసి నవ్వుతున్నారు. చేతిలో వస్తువు మారింది గానీ ఎవరి కోసమో నవ్వడం మారలేదు. ఇదిగో, ఇప్పుడొచ్చిన ఈ అమ్మాయి నవ్వదు. కింద జనం ఒకరు కూతురా అని పిలుస్తారు, ఒకరు పెళ్ళికి మిగిలిపోయిన పిల్ల అంటారు. ఎవరికీ పలకదు. ఒక్కటే మాటంటుంది, 'నేనింకా అవుతున్నాను' అని."

"పేరేంది?"

"లేదు. మూడు పుస్తకాలయ్యాయి, వేసినావిడ ఇంకా పేరు పెట్టలేదు. అదే లక్ష్మీ, ఫల్సఫా అంటే! కుండ చేసేవాడికి అది నీళ్ళకో అన్నానికో ముందే తెలుసు. మనిషి అలా కాదు. ముందు వచ్చి పడతాడు. ఆ తరవాత తను చేసే పనులతోనే ఫలానా మనిషి అవుతాడు. పైనుంచి రాసిపెట్టిన పేరంటూ ఏదీ లేదు." అనేసి, నాన్న విన్నాడేమోనని తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి నవ్వింది.

చెంచులక్ష్మి మార్కరుకు మూత పెట్టేసింది. "మా నాయన కాడ కొన్ని బొమ్మలకు తలకాయ ఊడదీసి మార్సేది ఉండె. అదే ఒళ్ళు, తల మారిస్తే దొరసాని, ఇంకో తల పెడితే దాసీ. బొమ్మకైతే నాయన మార్సల్ల. మనుసులకు ఎవురు మారుస్తారు మల్ల?"

"ఎవరూ మార్చరు. మనమే!" అంది హెస్సా. కళ్ళు మెరిసిపోతున్నాయి. ఆ పూట ఇద్దరూ అన్నం సంగతే మరిచిపోయారు. మామా వచ్చి కేకలేస్తే గానీ లేవలేదు.

మర్నాడు మళ్ళీ మార్కరు పట్టుకుంది. ఆ అమ్మాయి భుజం మీద పెట్టింది, చెయ్యి కదల్లేదు. ఈ నల్లటి మచ్చ పడితే ఇక క్రేను నడిపేదెవరు? బొగ్గు ముద్ద నడుపుతుందా? హెస్సా బల్ల మీద సన్నటి పెన్నులు కనిపించాయి. ఒకటి తీసుకుంది. నాయన దగ్గర వేసినట్టే మోచేతి దాకా రవిక గీసి, దాని నిండా చుక్కలు పెట్టింది. మెడకు ఓ పైట చుట్టింది. అంత ఎత్తున గాలి వీస్తుంది కదా అని పైట కొంగు వెనక్కి ఎగిరేలా వేసింది. తలెత్తేసరికి బయట మసీదు నుంచి మధ్యాహ్నం బాంగు వినపడుతోంది. ముప్పావు పుస్తకం అయిపోయింది.

హెస్సా చూసి పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు కూడా ఉలిక్కిపడి ఉంటారు. బాబా కంగారుగా వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, పేజీలన్నీ తిప్పాడు. ఆయనకు కావలసింది ఒక్కటే.

"చేతులు కప్పుకున్నాయా? కప్పుకున్నాయి. మెడ? కప్పుకుంది. ఇంకేం, అన్నీ ఇలాగే చేసి పంపించండి షాపుకి," అన్నాడు.

వారం తిరక్కుండానే సలీం వ్యాను గుమ్మం ముందు సర్రున ఆగింది.

"అక్కోయ్! ఏం మాయ చేసినావక్కా! మసి పూసినయి ఎవురూ ముట్టుకోవడంల్యా. నువ్వు రవికలేసినయి కావాలని ఆడపిల్లోళ్ళు వాళ్ళ నాయన్లను షాపుకు పంపిస్తాండారు. 'చుక్కలవి ఉండాయా' అని అడుగుతాండారు అందరూ! పాత పెట్టెలు కూడా తెచ్చేదా?"

"తేప్పా, తే! ఇంగ నిద్రెక్కడ పడతాది నాకు!" అంది చెంచులక్ష్మి. నిజంగానే ఆమెకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఇస్త్రీ చేస్తున్నా, కబ్సా అన్నానికి ఉల్లిపాయలు కోస్తున్నా, ఏ పేజీలో ఏ అంచు వెయ్యాలన్న ధ్యాసే. ఒకసారి వరద బొమ్మ తలుచుకుంటూ అన్నం అడుగంటించేసింది.

ఆ వరద బొమ్మ మూడో పుస్తకంలోది. ఊరి మీద నీళ్ళు వచ్చి పడతాయి. క్రేను అమ్మాయి కిందికి దిగి, నడుము లోతు నీళ్ళలో నిలబడి, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని రెండు చేతులతో పట్టి పైకి లాగుతుంది. ఆ చేతుల నరాలు కూడా కనపడేలా వేసింది వేసినావిడ. చెంచులక్ష్మి పెన్ను పెట్టి తీసింది. మళ్ళీ పెట్టి తీసింది. ఆ చేతులకు గుడ్డ తొడిగితే బలం కనపడదు. తొడక్కపోతే బాబాకు చిక్కు, తనకు ఇంకా పెద్ద చిక్కు. లేచి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుని తాగి వచ్చింది. కూర్చుంది. పెన్ను మూత బిగించి, పేజీ తిప్పేసింది. అన్ని ప్రతుల్లోనూ ఆ ఒక్క పేజీ అలాగే వదిలేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇలా ఉండగా షాపు ఎరుపులో పడింది. అవి నితాకాత్ రోజులు. సౌదీ వాళ్ళను ఎంతమందిని పనిలో పెట్టుకున్నారన్న దాన్ని బట్టి ప్రతి షాపుకూ ఒక రంగు. ఎరుపంటే ఆ షాపులో పనిచేసే బయటిదేశం వాళ్ళకు ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్ అవదు. ఇకామా లేనివాడికి ఈ దేశంలో నిలువ నీడ ఉండదు. సలీం గుమ్మం దగ్గరకు వచ్చి, ఆ రోజు జోకు వెయ్యకుండా, పెట్టె దించి ఊరికే నిలబడ్డాడు.

"నా ఇకామా వచ్చే నెల్లో అయిపోతాదక్కా. ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిస్తారేమో," అన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బాబా ఉపాయం చెప్పాడు. చాలామంది చేస్తున్నదే. హెస్సా పేరు షాపు ఉద్యోగిగా రాయించేస్తే సరి. మనిషి ఇంట్లో, పేరు షాపులో. రంగు పచ్చబడుతుంది.

పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్న చెంచులక్ష్మి అక్కడే ఆగింది.

"రాయించండి బాబా. కానీ పేరు ఎక్కడుంటే నేనూ అక్కడుంటాను," అంది హెస్సా.

"షాపులోనా? కౌంటరు దగ్గరా? జనం ఏమంటారు?"

"జనం ఏదంటే అదేనా నేను?"

బాబా అన్నం కలపడం ఆపేశాడు. మామా అందుకుంది. "పంపించండి. ఆ షాపు కోసం ఏళ్ళ తరబడి మసి పూసి నా మెడ పోయింది. పిల్లకైనా పుస్తకాలు అమ్మే పని దక్కనివ్వండి!"

బాబా ఎంత గంభీరంగా ఉందామనుకున్నా ఆ మాటకు నవ్వొచ్చేసింది. నవ్వాక ఇక కాదనడం కుదరలేదు. చెంచులక్ష్మి వంటింట్లోకి పరిగెత్తి, పళ్ళెం దించి, ఒక్కతే రెండు చేతులూ పైకెత్తి గిరగిరా తిరిగింది.

మొదటి రోజుల్లో కౌంటరు వెనక ఆడపిల్లను చూసి కొందరు గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళారు. ఆ తరవాత తండ్రుల వెనకే కూతుళ్ళు రావడం మొదలైంది. షాపులో ఒక పక్క తెర కట్టి హెస్సా వాళ్ళకు చోటు చేసింది. అక్కడ చైనా బొమ్మలు ముందు పెట్టుకుని వాదులాడుకునేవాళ్ళట. క్రేను అమ్మాయి పెళ్ళి చేసుకోవాలా అక్కర్లేదా, పేరు లేకుండా ఎంతకాలం ఉంటుంది అని. సలీం ఇకామా వచ్చింది. కార్డు రెండు చేతులతో పట్టుకుని, బస్బూసా మిఠాయి పెట్టెతో ఇంటికొచ్చి, "హెస్సామ్మ చల్లగుండాల!" అని గుమ్మంలోనే గెంతులేశాడు.

మార్చిలో రియాద్‌లో పెద్ద పుస్తకాల సంత జరుగుతుంది. ఆ ఏడు హెస్సా గాలిలో తేలుతూ ఇంటికొచ్చింది. క్రేను అమ్మాయి బొమ్మలు వేసిన చైనా ఆవిడే వస్తోందట! ఆమె పేరు షావో మిన్. "లక్ష్మీ, నువ్వూ వస్తున్నావు. నీ పుస్తకాలు ఆవిడకు చూపిస్తున్నాను!"

చెంచులక్ష్మికి భయం పట్టుకుంది. ఒకరు వేసిన బొమ్మ మీద తను గీతలు గీసింది. నాయన కోసిన బొమ్మ మీద ఎవడైనా గీత పెడితే నాయన ఊరుకునేవాడా?

సంతలో జనం కిటకిటలాడిపోతున్నారు. మిన్ నలభై దాటిన మనిషి, సన్నగా, గుండ్రటి కళ్ళజోడు. తలకు గుడ్డ చుట్టుకోవడం అలవాటు లేక మాటిమాటికీ సర్దుకుంటోంది. పక్కన అరబ్బీ చెప్పే చైనా కుర్రవాడు. బాబా కూడా వచ్చాడు, చైనా ప్రచురణకర్తతో బేరం మాట్లాడుకుందామని. హెస్సా మూడు పుస్తకాలూ మిన్ ముందు పెట్టింది.

మిన్ మొదటి పేజీ తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకో పేజీ. నవ్వదు.

"ఇవి ఎవరు వేశారు?" అని అడిగించింది.

"అనా," అంది చెంచులక్ష్మి. నేనే అని.

"నేను ఈ చేతులు వేసిందే కనపడాలని. ఎందుకు కప్పావు?"

"కప్పమన్నారమ్మా. ముందు నల్లగా పూసేదాన్ని. పూస్తే పిల్ల సచ్చిపోతా ఉండె. సంపలేక గుడ్డలు తొడిగినా."

కుర్రవాడు చైనా భాషలో చెప్పాడు. మిన్ తల ఊపింది, ఊపుతూనే మూడో పుస్తకం తిప్పుతూ వరద పేజీ దగ్గర ఆగింది. పుస్తకం ఇటు తిప్పి చూపించింది. "మరి ఇక్కడ?"

బాబా మెడ చాచి చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది. హెస్సా వెనక నుంచి చెంచులక్ష్మి చెయ్యి గిల్లి, "మర్చిపోయానని చెప్పు, ఏం కాదు," అని గుసగుసలాడింది.

మర్చిపోయానంటే అందరూ నమ్మేవాళ్ళు. పనిమనిషి, పొరపాటు పడింది, అయిపోయింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"మర్సిపోలే," అంది చెంచులక్ష్మి. "నేనే ఇడిసిపెట్టినా. మునిగిపోయే మనిసిని లాగే చేతులవి. గుడ్డ అడ్డమొస్తాదని ఇడిసినా. తప్పయితే తప్పు నాదే, బాబాది గాదు."

చెప్పేసింది. చెప్పాక ఒళ్ళంతా జలదరించింది. భయంతో కాదు. చిన్నప్పుడు మొదటిసారి బావిలోకి దూకినప్పుడు, పైకి తేలిన క్షణంలో అలా అనిపించింది ఆమెకు.

మిన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. బాబా పుస్తకం లాక్కుని ఆ పేజీని చాలాసేపు చూశాడు.

"ఇవి ఎన్ని మిగిలాయి?" అని హెస్సాను అడిగాడు.

"ఇదొక్కటే బాబా. మిగతావన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి."

"అయితే ఇంతమంది చూశారు, ఒక్కడూ వచ్చి నన్ను అడగలేదన్నమాట." ఊపిరి పీల్చుకుని, గడ్డం గోక్కుని, చెంచులక్ష్మి వైపు తిరిగాడు. "ఇకమీదట వదిలేటప్పుడు నాకో మాట చెప్పి వదులు." అని పుస్తకం మూసి హెస్సా చేతికిచ్చాడు.

అప్పుడు మిన్ తన సంచిలోంచి కుంచెపెన్ను, తెల్ల కాగితం తీసి చెంచులక్ష్మి ముందు పెట్టింది. "ఒక బొమ్మ వెయ్యి. నీది."

చెంచులక్ష్మి పెన్ను పట్టుకుని కాగితం చూసింది. ఏమీ లేదు. నాయన కోసిన ఆకారం లేదు, మిన్ గీసిన అమ్మాయి లేదు. కప్పడానికి చెయ్యి లేదు, దిద్దడానికి అంచు లేదు. ఎక్కణ్ణుంచైనా మొదలుపెట్టొచ్చు, ఏదైనా వెయ్యొచ్చు. తల తిరిగినట్టయింది. చుట్టూ ఆడపిల్లలు మూగారు.

ముందు కన్ను వేసింది. తోలుబొమ్మకు ఉండేలాంటి పెద్ద చేప కన్ను. ఆపైన ముక్కు, ఉబ్బిన బుగ్గ. ఏ.సి. పెట్టె ఉన్న మలాజ్ కిటికీ పక్కన నిండు నడివయసు ఆడమనిషి, కాళ్ళు చాపుకుని కూర్చుని, నోటినిండా ఖర్జూరం నములుతోంది. ఎవరి వైపూ చూడడం లేదు. చూస్తున్నవాళ్ళు ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు. మిన్ అందరికంటే గట్టిగా నవ్వింది.

"ఎవరీమె?"

"తెలీదు. ఇప్పుడే కదా పుట్టింది!" అంది చెంచులక్ష్మి.

కుర్రవాడు ఆ మాట చైనా భాషలో చెప్పేసరికి మిన్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమెను కావలించుకుంది. ఆ బొమ్మను తన తరవాతి పుస్తకం చివర వేస్తానంది. కింద ఏ పేరు పెట్టమంటావని అడిగింది. చెంచులక్ష్మి తన పేరు మొత్తం చెప్పింది. అరబ్బీలో 'చ' అక్షరం లేదు. హెస్సా రెండక్షరాలు జోడించి ఎలాగో రాసింది. అది చదవడానికి బాబా నానా తంటాలు పడ్డాడు.

ఆ తరవాతి ఏళ్ళలో ఫీజులు పెరిగాయి. బయటి మనుషులను పనిలో పెట్టుకున్న షాపుల మీద నెలనెలా పన్ను, కుటుంబాలతో ఉన్నవాళ్ళ మీద ఇంకో పన్ను. మలాజ్‌లో ఒక్కో షట్టరు మూతపడింది. సలీంకు తెలిసిన కుటుంబాలు చాలా ఎగ్జిట్ మీద ఊళ్ళకు వెళ్ళిపోయాయి. అబూ సాద్ షాపు మాత్రం నిలబడింది. హెస్సా దాన్ని బొమ్మల కథల షాపుగానే మార్చేసింది. సలీం ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. క్రమంగా తనిఖీల పట్టు సడలింది, మసి పూసే పని తగ్గి తగ్గి ఆగిపోయింది.

పని ఆగినా చెంచులక్ష్మి పెన్ను ఆపలేదు. మధ్యాహ్నం వంట అయ్యాక రెండు గంటలు ఆమెవి అని మామానే తీర్మానం చేసింది. ఖర్జూరం ఆడమనిషి కథ వారానికో పేజీ నడిచింది. కిటికీ దగ్గరి నుంచి లేచింది, మెట్లు దిగింది, బజారులో పోట్లాడింది, ఒకసారి దారి తప్పి ఊరంతా చూసి వచ్చింది. హెస్సా వాటిని చిన్న పుస్తకాలుగా వేయించి షాపులో పెట్టింది.

చైనా నుంచి మిన్ కొత్త పుస్తకం అరబ్బీలో వచ్చిన రోజున సలీం వ్యాను దిగకుండానే కిటికీలోంచి ఊపుతూ అరిచాడు. "అక్కా! ఆఖరి పేజీ! నువ్వే! కింద నీ పేరు!"

చెంచులక్ష్మి పిండి చేతులతోనే గేటు దాకా పరిగెత్తింది. పేజీ తెరిచి, పేరు మీద వేలు పెట్టి, హెస్సా నేర్పిన అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. మళ్ళీ చదివింది. పిండి అంటుకుని ఆ అక్షరాలు తెల్లబడ్డాయి.

"తుడుసుకోక్కా, పాడయిపోతాది!" అన్నాడు సలీం.

"పోనీలే," అంది ఆమె నవ్వుతూ. "పెట్టెలో ఇంగా ఉండాయి కదా. నువ్వు తొందరగా పో, వచ్చే వారం పేజీ ఇంగా మొదలే పెట్టలే నేను."